ఒక్క కంపెనీని కాదు, గొలుసంతా చూడమన్న డెమింగ్

ఇంజినీరింగ్ అయిపోయాక నేను చేరిన మొదటి ఉద్యోగం వాహనాల విడిభాగాలు తయారుచేసే ఒక చిన్న ఫ్యాక్టరీలో. పోస్టు పేరు క్వాలిటీ ట్రైనీ. మా భాగాలు కొనే పెద్ద కంపెనీ నుంచి నెలనెలా ఒక షీటు వచ్చేది. డెలివరీ, రిజెక్షన్లు, ధర... ఒక్కోదానికి ఒక్కో రంగు. ఆకుపచ్చ వస్తే హాయి, ఎరుపు వస్తే మీటింగు. ఆ షీటు చూసి మేం లోపల ఆపరేటర్లకి కూడా ర్యాంకులు వేసేవాళ్లం. ఒక నెల రిజెక్షన్లు ఎక్కువున్నాయని ఒక కాంట్రాక్టు ఆపరేటర్‌ని మానిపించారు. ఆ లిస్టు తయారుచేసింది నేనే. ఆయన స్థానంలో వచ్చినతనికి కూడా అదే మెషీన్ మీద ఇంచుమించు అన్నే రిజెక్షన్లు వచ్చాయి. లోపం మనిషిలో లేదు, వేరే ఫ్యాక్టరీ నుంచి మాకు వస్తున్న కాస్టింగుల్లో ఉంది. అది తేలేసరికి మూడు నెలలు పట్టింది.

ఆ తర్వాతే విలియం ఎడ్వర్డ్స్ డెమింగ్ గురించి చదివాను. ముందే చదివి ఉంటే బాగుండేది అనిపించింది. ఒక కంపెనీ బాగా నడుస్తోందని ఎలా తేల్చాలి? ఒక వస్తువు వెనక పది, వంద, వెయ్యి కంపెనీలు ఉన్నప్పుడు ఎవరికి ఎన్ని మార్కులు వేయాలి? ఈ ప్రశ్నల మీదే దాదాపు 70 ఏళ్లు పనిచేసిన మనిషి ఆయన. క్యాంపస్ ప్లేస్‌మెంట్లకి సిద్ధమవుతున్న మీకు ఆయన కథ రెండు రకాలుగా పనికొస్తుంది. చేరబోయే కంపెనీని అంచనా వేయడానికి ఒకటి, మీకు పడే ర్యాంకుని సరిగ్గా అర్థం చేసుకోవడానికి రెండోది.

తారు కాగితం ఇంటి నుంచి యేల్ దాకా

డెమింగ్ 1900 అక్టోబర్ 14న అమెరికాలోని అయోవా రాష్ట్రం, సియూ సిటీలో పుట్టారు. కొన్నేళ్లకి కుటుంబం వయోమింగ్ రాష్ట్రంలోని పావెల్ అనే కొత్త ఊరికి మారింది. అక్కడ వాళ్లది తారు కాగితం కప్పిన చిన్న ఇల్లు. చలి ఎక్కువ, డబ్బు తక్కువ. తల్లి సంగీతం పాఠాలు చెప్పేవారు. ఆ సంగీతం డెమింగ్‌ని చివరిదాకా వదల్లేదు, పెద్దయ్యాక స్వరాలు కూడా కట్టేవారు. చిన్నాచితకా పనులు చేసుకుంటూనే 1921లో వయోమింగ్ యూనివర్సిటీలో ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ డిగ్రీ తెచ్చుకున్నారు. కొలరాడోలో మాస్టర్స్, 1928లో యేల్‌లో మ్యాథమెటికల్ ఫిజిక్స్‌లో పీహెచ్‌డీ.

అంటే ఆయన ఎంబీఏ చదవలేదు, మేనేజ్‌మెంట్ కోర్సు చేయలేదు. మనలాగే ఇంజినీరింగ్‌తో మొదలుపెట్టారు.

యేల్ రోజుల్లో రెండు వేసవులు షికాగో దగ్గర వెస్ట్రన్ ఎలక్ట్రిక్ వారి హాథార్న్ ప్లాంటులో పనిచేశారు. టెలిఫోన్ పరికరాలు తయారుచేసే ఆ ప్లాంటులో 40 వేలకు పైగా పనివాళ్లు. ఎన్ని పీసులు చేస్తే అంత కూలి, లైను చివర ఇన్‌స్పెక్షన్, లోపం దొరికితే తీసి పక్కన పెట్టడం. పీసుకింత అని కూలి కట్టే పద్ధతిని ఆయన తర్వాత జీవితమంతా వ్యతిరేకించారు.

షూహార్ట్ నేర్పిన తేడా

1927లో వాషింగ్టన్‌లో వ్యవసాయ శాఖ ఉద్యోగంలో చేరాక, బెల్ ల్యాబ్స్ శాస్త్రవేత్త వాల్టర్ షూహార్ట్‌తో పరిచయమైంది. 1924లోనే కంట్రోల్ చార్టుని రూపొందించిన మనిషి షూహార్ట్. ఆయన చెప్పిన విషయం చాలా సింపుల్.

ఉప్పల్ నుంచి మీ కాలేజీకి బస్సులో రోజూ 40 నిమిషాలు పడుతుందనుకోండి. ఒకరోజు 37, ఇంకోరోజు 44. ఆ తేడాలకి ప్రత్యేకంగా కారణం వెతకక్కర్లేదు. ట్రాఫిక్, సిగ్నళ్లు, ఎక్కే జనం అన్నీ కలిసి తెచ్చేవి అవి. ఒకరోజు మాత్రం గంటన్నర పట్టింది, టైరు పంక్చరు. ఆ కారణం వేరు. మొదటి రకం తేడాలు తగ్గాలంటే రూటో, టైమో, మొత్తం ఏర్పాటో మారాలి. రెండో రకానికి ఆ టైరు సంగతి చూస్తే చాలు. 44 నిమిషాలు పట్టిన రోజు డ్రైవర్‌ని తిట్టి, 37 పట్టిన రోజు మెచ్చుకుంటే? బస్సు ఏమాత్రం మారదు. డ్రైవర్‌కి మాత్రం విసుగొస్తుంది.

ఫ్యాక్టరీల్లో, ఆఫీసుల్లో చాలామంది బాసులు చేస్తున్నది సరిగ్గా ఇదేనని డెమింగ్‌కి అర్థమైంది. కంపెనీల్లో వచ్చే సమస్యల్లో దాదాపు 94 శాతం వ్యవస్థవే, ప్రత్యేక కారణాలవి 6 శాతమేనని తర్వాత తన పుస్తకంలో అంచనా కట్టారు. వ్యవస్థని మార్చే అధికారం మేనేజ్‌మెంట్‌ది కాబట్టి ఆ 94 శాతం బాధ్యత కూడా వాళ్లదే అన్నారు.

ఆ తర్వాత అమెరికా సెన్సస్ బ్యూరోలో చేరి, 1940 జనాభా లెక్కల్లో శాంపిలింగ్ పద్ధతులు ప్రవేశపెట్టడంలో ముఖ్యపాత్ర పోషించారు. జనంలో 5 శాతం మందిని మాత్రమే అదనపు ప్రశ్నలు అడిగి దేశం మొత్తానికి అంచనా కట్టడం అప్పట్లో పెద్ద సాహసం. మన దేశంతో ఆయనకున్న ఒక లింకు కూడా ఇక్కడిదే. 1947లో ఐక్యరాజ్యసమితి వేసిన శాంపిలింగ్ ఉపసంఘానికి ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ వ్యవస్థాపకుడు మహలనోబిస్ అధ్యక్షుడు, డెమింగ్ సభ్యుడు.

ఒకసారి ఓడిపోయారు

రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఆయుధాలు తయారుచేసే కంపెనీల ఇంజినీర్లకి క్వాలిటీ పద్ధతులు నేర్పే శిక్షణ మొదలైంది. డెమింగ్ ముందుండి పాఠాలు చెప్పారు. వేలమంది నేర్చుకున్నారు, ఫలితాలూ వచ్చాయి. కానీ యుద్ధం అయిపోగానే అంతా ఆవిరైపోయింది. అమెరికాలో ఏది తయారుచేసినా అమ్ముడుపోయే రోజులవి. క్వాలిటీ చార్టులతో ఎవరికి పని?

ఈ ఓటమి నుంచి ఆయన నేర్చుకున్నది ఒకటుంది. తాము ఇంజినీర్లకి నేర్పారు, పైవాళ్లకి నేర్పలేదు. వ్యవస్థని మార్చగలిగినవాళ్లు క్లాసులోనే లేరు. రెండోసారి ఆ తప్పు చేయకూడదు అనుకున్నారు.

1950 జులై, టోక్యో

ఆ రెండో అవకాశం జపాన్‌లో వచ్చింది. 1947లో జనాభా లెక్కల సన్నాహాల కోసం అక్కడికి వెళ్లినప్పుడే స్థానిక గణాంక నిపుణులతో స్నేహం కుదిరింది. 1950లో జపాన్ శాస్త్రవేత్తల, ఇంజినీర్ల సంఘం ఆయన్ని పాఠాలు చెప్పడానికి పిలిచింది. జులైలో టోక్యోలో ఎనిమిది రోజుల కోర్సు జరిగింది. ఈసారి డెమింగ్ ఇంజినీర్లతో ఆగలేదు. పెద్ద కంపెనీల అధిపతులతో విడిగా ఒక సాయంత్రం కూర్చున్నారు. చెప్పింది చేస్తే ఐదేళ్లలో ప్రపంచ మార్కెట్లు జపాన్ సరుకు కోసం చూస్తాయని భరోసా ఇచ్చారు. జపాన్ వస్తువు అంటే చవకబారు అని లోకం అనుకునే రోజుల్లో ఆ మాట అక్కడున్నవాళ్లకే నమ్మశక్యంగా లేదు.

ఆ పాఠాల్లో ఆయన బోర్డు మీద గీసిన ఒక బొమ్మ ఉంది. ఎడమ పక్క ముడిసరుకు, విడిభాగాలు ఇచ్చే సప్లయర్లు. మధ్యలో తయారీ, పరీక్షలు, పంపిణీ. కుడి పక్క వినియోగదారులు. అక్కడి నుంచి వాళ్ల అభిప్రాయాలు మళ్లీ డిజైన్‌కి, అక్కడి నుంచి సప్లయర్ల దాకా తిరిగొచ్చే బాణాలు. మామూలుగా కంపెనీ బొమ్మ గీయమంటే ఎండీ పైన, వర్కర్ కింద ఉండే నిచ్చెన గీస్తారు. డెమింగ్ బొమ్మలో బాసు ఎక్కడా కనిపించడు. సరుకు ఎటు పోతోంది, సమాచారం ఎటు తిరిగొస్తోంది, అంతే. అందులో కంపెనీ గేటు దగ్గర గీత కూడా లేదు. సప్లయరూ లోపలి మనిషే, కొనేవాడూ లోపలి మనిషే.

ఇది ఎందుకంత ముఖ్యమో చిన్న లెక్క చూడండి. ఒక యాప్ పనిచేయడానికి పది సర్వీసులు కావాలి, ఏ ఒక్కటి ఆగినా యాప్ ఆగుతుంది అనుకుందాం. ఒక్కోటి విడివిడిగా 99 శాతం సమయం పనిచేస్తుంది. విడిగా చూస్తే అందరికీ 99 మార్కులు, డిస్టింక్షన్. పదీ కలిపితే? 90 శాతమే. అదే 50 సర్వీసులైతే 60కి పడిపోతుంది. ఎవరూ ఫెయిల్ కాలేదు, కానీ కస్టమర్ చేతిలో యాప్ మాత్రం ఫెయిలవుతోంది. ఒక్కో ముక్కకి మార్కులేస్తే గొలుసు సంగతి తెలియదని డెమింగ్ పట్టుబట్టింది ఇందుకే.

ఆయన పేరుతో బహుమతి

ఆ పాఠాలని జపాన్‌లో పుస్తకంగా వేశారు. దాని రాయల్టీ డెమింగ్ తీసుకోలేదు, సంఘానికే వదిలేశారు. ఆ డబ్బుతో 1951లో పుట్టింది డెమింగ్ ప్రైజ్. కంపెనీల పనితీరుని బయటివాళ్లు వచ్చి క్రమపద్ధతిలో మదింపు చేసే బహుమతుల్లో తొలితరానిది ఇది.

దీన్ని ఎలా ఇస్తారు? కంపెనీ ముందు తన పద్ధతులన్నీ వివరంగా రాసివ్వాలి. తర్వాత ప్రొఫెసర్లు, నిపుణులు ప్లాంటుకి వచ్చి చూస్తారు. పైవాళ్ల లక్ష్యం కింది షాపు దాకా ఎలా చేరుతోంది, కస్టమర్ ఫిర్యాదు డిజైనర్‌కి ఎలా చేరుతోంది, సప్లయర్లతో ఎలా పనిచేస్తున్నారు, వీటన్నిటి వల్ల ఫలితం వచ్చిందా అని అడుగుతారు. మరో విశేషం, ఇది పోటీ కాదు. ఒకరికి వస్తే ఇంకొకరికి పోదు. ఆ స్థాయికి చేరినవాళ్లు ఎంతమంది ఉంటే అంతమందికి ఇస్తారు. ప్లేస్‌మెంట్ భాషలో చెప్పాలంటే ర్యాంకు లేదు, కటాఫ్ మాత్రమే ఉంది.

విడిభాగాలు చేసే నిప్పన్‌డెన్సోకి 1961లో, టయోటాకి 1965లో, టయోటాకే భాగాలు ఇచ్చే ఐసిన్ సైకీకి 1972లో ఈ బహుమతి వచ్చింది. తను గెలిచి ఊరుకోకుండా టయోటా ఇవే పద్ధతుల్ని తన సప్లయర్లకి నేర్పడం మొదలుపెట్టింది. కారులో తన చేతి పని కొంతే, మిగతాది వాళ్లదే అని దానికి తెలుసు. అయితే జపాన్ విజయమంతా డెమింగ్ ఒక్కడిదే అనడం అతిశయోక్తి. జోసెఫ్ జురాన్, కవోరు ఇషికావా, టయోటాలో తైచీ ఓనో... చాలామంది చేతులు పడ్డాయి. గొలుసు గురించి చెప్పిన మనిషి కథలో క్రెడిట్ కూడా గొలుసుకే పోవాలి కదా.

ఇంట్లోనే ఉన్నా కనిపించలేదు

1960లో జపాన్ చక్రవర్తి పేరుమీద డెమింగ్‌ని ఘనంగా సత్కరించారు. సొంత దేశంలో మాత్రం ఆయన ఎవరికీ పెద్దగా తెలియదు. న్యూయార్క్ యూనివర్సిటీలో పాఠాలు చెప్పుకుంటూ, వాషింగ్టన్‌లో ఇంటి బేస్‌మెంటులో చిన్న ఆఫీసు పెట్టుకుని కన్సల్టెన్సీ చేసుకునేవారు. 1980 జూన్‌లో ఎన్‌బీసీ టీవీ, జపాన్ చేయగలిగింది అమెరికా ఎందుకు చేయలేకపోతోందని ఒక డాక్యుమెంటరీ వేసింది. మర్నాటి నుంచి ఆ ఇంటి ఫోను ఆగలేదు. అప్పటికి ఆయన వయసు 79. మనలో చాలామంది 25కే లేటైపోయిందని కంగారుపడతాం!

1981 నుంచి ఫోర్డ్ కంపెనీతో పనిచేశారు. కార్ల క్వాలిటీ గురించి చెబుతారని ఎదురుచూసిన అధికారులకి ఆయన మేనేజ్‌మెంట్ గురించి క్లాసు పీకారు. ఆ రోజుల్లో ఫోర్డ్‌లో జరిగిన ఒక పోలిక ఆయన చెప్పినదానికి మంచి ఉదాహరణ. ఒకే డ్రాయింగుతో ఆటోమేటిక్ గేర్‌బాక్సులు అమెరికాలో ఫోర్డ్ ప్లాంటులోనూ, జపాన్‌లో మాజ్దా దగ్గరా తయారయ్యేవి. ఫోర్డ్ వాటికి ఫిర్యాదులు ఎక్కువ, మాజ్దావి తక్కువ. రెండిటినీ విప్పి కొలిచారు. ఫోర్డ్ భాగాలన్నీ అనుమతించిన కొలతల లోపలే ఉన్నాయి, అంటే అన్నీ పాస్. మాజ్దా భాగాలు మాత్రం ఆ హద్దుల మధ్యలో ఒకేచోట గుమిగూడినట్టు, ఒకదానికొకటి అచ్చంగా ఉన్నాయి. రీడింగు మారకపోయేసరికి కొలిచే పరికరమే పాడైందని అనుకున్నారని చెబుతారు.

ఇందులో ఉన్న పాయింటు గమనించండి. పెద్ద వైపు హద్దులో ఉన్న షాఫ్టు, చిన్న వైపు హద్దులో ఉన్న రంధ్రం... విడిగా రెండూ పాస్. కలిపితే బిగుసుకుంటాయి. రెండు వేర్వేరు సప్లయర్ల నుంచి వస్తే తప్పు ఎవరిదని అడిగితే ఇద్దరూ పాస్ సర్టిఫికెట్ చూపిస్తారు.

1986లో ఫోర్డ్ లాభాలు జనరల్ మోటార్స్‌ని దాటాయి. 1920ల తర్వాత అలా జరగడం అదే మొదటిసారి. అదే ఏడాది డెమింగ్ రాసిన అవుట్ ఆఫ్ ది క్రైసిస్ పుస్తకం ఆ పేరుతో వచ్చింది. అందులోని 14 సూత్రాల్లో నాలుగోది సప్లయర్ల గురించే. ధర ఒక్కటే చూసి ఆర్డర్ ఇవ్వొద్దు, మొత్తం ఖర్చు చూడండి, ఒక్కో వస్తువుకి ఒక్క సప్లయర్‌తో నమ్మకంగా ఎక్కువకాలం పనిచేయండి అని దాని సారాంశం. ఎవరు తక్కువ కోట్ చేస్తే వాళ్లకే టెండర్ పోయే ఎల్-1 పద్ధతి తెలిసిన మనకి ఇది మింగుడుపడటం కష్టమే.

ఎర్ర పూసల ఆట

1980ల్లో ఆయన నాలుగు రోజుల సెమినార్లకి జనం కిక్కిరిసిపోయేవారు. అందులో అందరికీ గుర్తుండేది ఎర్ర పూసల ఆట. ఒక పెట్టెలో 3,200 తెల్ల పూసలు, 800 ఎర్ర పూసలు. 50 గుంటలున్న తెడ్డుతో ఒకసారి ముంచితే 50 పూసలొస్తాయి. కస్టమర్‌కి తెల్లవే కావాలి, ఎర్రది వస్తే లోపం. ప్రేక్షకుల్లోంచి ఆరుగురు పనివాళ్లుగా వస్తారు. డెమింగే ఫోర్‌మన్. తక్కువ ఎర్రవి తెచ్చినవాళ్లని మెచ్చుకుంటారు, ఎక్కువ తెస్తే కోప్పడతారు. చివరికి అట్టడుగున ఉన్న ముగ్గురిని తీసేసి, టాప్ ముగ్గురితోనే పని చేయిస్తారు. ఏమీ మారదు. పెట్టెలో అయిదో వంతు ఎర్రవే ఉన్నప్పుడు ఒక్కో తెడ్డుకి సగటున పది రాక తప్పదు. ఒకరికి 6, ఇంకొకరికి 14 రావడం అదృష్టమే. పైగా పెట్టెలో ఎర్ర పూసలు పోసింది సప్లయర్, ఆ సప్లయర్‌ని ఎంచుకున్నది మేనేజ్‌మెంట్.

ఇది మొదటిసారి చదివినప్పుడు నాకు మా ఆపరేటరే గుర్తొచ్చాడు.

మార్కులంటే ఆయనకి పడేది కాదు. 1987లో అమెరికా ప్రభుత్వం, 1000 పాయింట్ల లెక్కతో కంపెనీలకిచ్చే బాల్డ్రిజ్ అవార్డుని మొదలుపెడితే బాహాటంగా విమర్శించారు. తన పేరున్న ప్రైజుకి కూడా అలాంటి ప్రమాదం ఉందని తర్వాత తెలిసింది. 1989లో జపాన్ బయట తొలిసారి డెమింగ్ ప్రైజ్ గెలిచింది ఫ్లోరిడా పవర్ అండ్ లైట్ అనే కరెంటు కంపెనీ. ప్రైజ్ కోసం పెరిగిన కాగితం పనితో సిబ్బంది విసిగిపోయారు. కొత్త అధిపతి వచ్చి ఆ క్వాలిటీ యంత్రాంగాన్ని చాలావరకు తగ్గించేశారు. పరీక్ష కోసం చదివితే మార్కులొచ్చినా చదువు రానట్టే ఇది కూడా.

1993 డిసెంబర్ 20న, 93 ఏళ్ల వయసులో డెమింగ్ వాషింగ్టన్‌లోని ఇంట్లో కన్నుమూశారు. ఆ నెలలో కూడా సెమినార్ చెప్పారు. ఆఖరి పుస్తకంలో ఆయన వాడిన పోలిక సంగీతం నుంచే వచ్చింది. ఆర్కెస్ట్రాలో ఎవరికి వాళ్లు సోలో వాయిస్తే పాట రాదు, ఒకరికొకరు తోడుగా వాయించాలి, వ్యాపారమూ అంతే అని.

మన దగ్గర

1998లో ఇండియాలో తొలి డెమింగ్ ప్రైజ్ ఏ బండి తయారుచేసే కంపెనీకో రాలేదు. బ్రేకులు సప్లై చేసే సుందరం క్లేటన్‌కి వచ్చింది. 2002లో టీవీఎస్ మోటార్, 2003లో మహీంద్రా ట్రాక్టర్ల విభాగం గెలిచాయి. ఆ మహీంద్రాకి మన జహీరాబాద్‌లోనూ ట్రాక్టర్ల ప్లాంటు ఉంది. పెనుకొండ దగ్గర కియా, దాని చుట్టూ వెలిసిన విడిభాగాల ఫ్యాక్టరీలు చూడండి. పెద్ద బోర్డు ఒకటే కనిపించినా, మన పిల్లలకి వచ్చే ఉద్యోగాల్లో చాలా భాగం ఆ గొలుసులోని చిన్న కంపెనీల్లోనే. సప్లయర్ క్వాలిటీ ఇంజినీర్, వెండర్ డెవలప్‌మెంట్ లాంటి పోస్టులన్నీ అక్కడివే. అందుకే ఇంటర్వ్యూకి వెళ్లేముందు నాలుగు సంగతులు కనుక్కోండి:

• ఈ కంపెనీ తన సప్లయర్లతో ఎన్నేళ్లుగా పనిచేస్తోంది? ఏటా మారుస్తుంటే, ధర తప్ప ఇంకేదీ చూడట్లేదని అనుమానించొచ్చు.

• లోపం వస్తే మొదటి ప్రశ్న ఏంటి? ఎవరు చేశారు అనా, ఎక్కడ మొదలైంది అనా?

• కస్టమర్ ఫిర్యాదు డిజైన్ చేసేవాళ్లకి, విడిభాగం చేసేవాళ్లకి చేరుతుందా, కాల్ సెంటర్‌లోనే ఆగుతుందా?

• గోడ మీద అవార్డులుంటే, ఆ ఏడాది తర్వాత ఏం మారిందో అడగండి.

ఇక మీరు నేర్చుకోవాల్సింది కంట్రోల్ చార్టు, పరేటో చార్టు, ఫిష్‌బోన్ డయాగ్రమ్ లాంటి ఏడు క్వాలిటీ టూల్స్. ఎక్సెల్ చాలు, వారం రోజుల పని. మీ హాస్టల్ నీళ్ల ట్యాంకర్ ఎన్నింటికి వస్తుందో నెల రోజులు రాసి చార్టు గీయండి. ఇంటర్వ్యూలో అదే మీ ప్రాజెక్టు.

మా ఆపరేటర్ సంగతి చెప్పి ముగిస్తాను. ఆ లిస్టులో ఆయన పేరు పక్కన నేను రిజెక్షన్ల సంఖ్య రాశాను. కాస్టింగ్ ఎవరి దగ్గర నుంచి వచ్చిందో, ఏ బ్యాచ్‌దో రాయడానికి ఆ షీటులో కాలమే లేదు. తర్వాత ఆ ఫ్యాక్టరీలో నేను చేయించిన మొదటి మార్పు ఆ ఒక్క కాలమ్ చేర్చడం. ఆయన్ని మాత్రం ఎవరూ వెనక్కి పిలవలేదు.